చెవి బొమ్మ పేజీ

మా వృత్తిలో నిన్నటి మాట ఇవాళ్టికి పాతబడిపోతుంది. పోయినేడాది వెబ్‌సైటంటే తెల్లగా, ఖాళీగా, ఆస్పత్రి గోడలా ఉండాలన్నారు. ఈ ఏడాది నల్లగా ఉండాలంటున్నారు. మొన్నటిదాకా బటన్ల మూలలు గుండ్రంగా ఉంటే ముద్దు, ఇప్పుడు కత్తితో కోసినట్టుండాలట. ఒకడు వీడియో లేనిదే వ్యాపారం లేదంటాడు. ఇంకొకడు వీడియోలు చూసే ఓపిక జనానికి పోయిందంటాడు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే ధీమాతో చెప్తారు. నమ్మితే ఒక బాధ, నమ్మకపోతే వెనకబడిపోతామని ఇంకో బాధ. అందుకే పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కొత్త ట్రెండులు చదవడం నాకూ మా ఆయనకూ అలవాటైపోయింది. బ్రష్షులు నోట్లో ఉండగానే వాదించుకుంటాం. ఎవరేమన్నారో రెండోవాళ్ళకి అర్థం కాదు కాబట్టి సంసారం సాఫీగానే సాగుతోంది.

మా ఆఫీసంటే టైర్ల దుకాణం పైన రెండు గదులు. ముందు గది నాది. క్లయింట్లతో మాట్లాడటం, ప్రకటనలు రాయడం, ఏ ప్రకటన ఎవరి ఫోన్లో ఎప్పుడు కనపడాలో చూసుకోవడం నా పని. వెనక గది మా ఆయనది. పేజీలు గీసేదీ, కట్టేదీ ఆయన. రెండు గదుల మధ్య తలుపు ఉండాల్సిన చోట ఒక చేతుల కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలో మా అత్తగారు ఉంటారు.

ఆవిడ కుట్టుపని నేర్పే టీచరుగా చేసి రిటైరయ్యారు. ఇన్నేళ్ళూ ఆడపిల్లలు కుట్టి తెచ్చిన బట్టలను లోపలివైపు తిప్పి చూడటమే ఆవిడ ఉద్యోగం. పైకి ఎంత బాగున్నా సరే, తిరగేసి చూసి, "విప్పు" అనేవారట. ఆ ఒక్క మాటతో ఎంతమంది అమ్మాయిలు ఏడ్చారో లెక్కలేదు. రిటైరై మా ఇంటికి వచ్చాక తిరగేసి చూడటానికి బట్టలు లేక, నన్ను తిరగేయడం మొదలుపెట్టారు. కూరలో ఉప్పు, అల్మారాలో మడతలు, నేను ఫోన్లో మాట్లాడే గొంతు, ఏదీ వదల్లేదు. నాకేమో నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ ఒకటంటే నేను రెండనేదాన్ని. అలా కొన్నాళ్ళు గడిచాక ఇద్దరమూ నేరుగా మాట్లాడుకోవడం మానేశాం. నేను పక్కనే నిలబడి ఉండగా, "నీ భార్యకు చెప్పరా, డబ్బా మూత సరిగ్గా పెట్టమని," అనేవారు కొడుకుతో. "మీ అమ్మగారికి చెప్పండి, ఆ డబ్బా మూతే వంకర అని," అనేదాన్ని నేను. మధ్యలో ఆయన, మింగలేక, కక్కలేక అవస్థపడేవారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని ఊరికే అనలేదు. మేమిద్దరం ఒకరికొకరం లేకుండా ఉంటే ఎంత మంచివాళ్ళమో.

ఆ రోజుల్లోనే ఒకసారి ఇంటికి రంగులు వేయిస్తున్నామని ఆవిడను ఆఫీసుకి తెచ్చి కూర్చోబెట్టాం. ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. చేతిలో ఏదో ఒకటి ఉంటే నోరు ఊరుకుంటుందని మా ఆయన తన ఫోను ఇచ్చి, అప్పుడే పూర్తిచేసిన ఒక పూల దుకాణం వెబ్‌సైటు చూపించారు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చూశారు.

"పూలు బాగున్నాయి. ఎక్కడ కొనాలి?"

"పైన మూడు గీతలున్నాయి కదమ్మా, వాటిని నొక్కితే వస్తుంది."

"అవి గీతలు కదరా. గీతల మీద ఎవరైనా నొక్కుతారా?"

మా ఆయన నావైపు చూశారు. నేను ఆయనవైపు చూశాను. మర్నాడు పూల దుకాణం వాళ్ళకి చూపించాల్సిన పేజీ అది. ఆ సాయంత్రమే పూల బొమ్మ కింద కొనండి అని పెద్ద అక్షరాలతో పెట్టాం. దుకాణం వాళ్ళ అమ్మకాలు పెరిగాయి. మా అత్తగారికి కుర్చీ ఖాయమైంది.

అప్పటినుంచీ మా దగ్గర ఏ పేజీ తయారైనా ముందు ఆవిడ చేతికి వెళ్ళాలి. ఇంట గెలిచి రచ్చ గెలవాలని మా ఆయన మాట. పద్ధతి మాత్రం ఆవిడదే, కుట్టు పరీక్షల నుంచి తెచ్చింది. పేజీ చేసిన మనిషి గదిలో ఉండకూడదు. మొహం చూస్తే ఎక్కడ నొక్కాలో తెలిసిపోతుందట. రెండోవాళ్ళు పక్కన కూర్చుని, ఏం చేయాలో ఒక్క మాటలో చెప్పి, ఇక నోరు మూసుకుని రాసుకోవాలి. అంటే మా ఆయన చేసిన పేజీకి ఆయన మెట్ల మీద, నేను ఆవిడ పక్కన.

ఆ పక్కన కూర్చోవడమే మా ఇద్దరినీ కలిపింది. "నీ భార్యకు చెప్పు" అనడానికి మధ్యలో కొడుకు ఉండడు కదా. "అమ్మాయ్, ఈ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, విప్పమను," అనేవారు. నేను రాసుకునేదాన్ని. కొడుకు పనికి వంకలు పెడుతుంటే నాకెందుకో కడుపు నిండినట్టుండేది, అది వేరే సంగతి. తర్వాత్తర్వాత సాయంత్రాలు ఇద్దరమూ కలిసి నడిచి ఇంటికి వెళ్ళడం మొదలైంది. దారిలో ఆవిడకి బోలెడు అనుమానాలు.

"నా ఫోన్లో మోకాళ్ళ నొప్పుల మందు ప్రకటన వస్తోంది. నా మోకాళ్ళ సంగతి వాళ్ళకెవరు చెప్పారు?"

"మీరే చెప్పారత్తయ్యా. నిన్న దాని గురించి వెతికారు కదా. అది పట్టుకుని పంపిస్తారు."

"నేను వెతికితే నాకు తెలియాలి గానీ ఊరందరికీ ఎందుకు? నువ్వే చెప్పుంటావు."

"చెప్తే నోటి దురుసుకి మందు పంపమని చెప్తాను గానీ మోకాళ్ళకెందుకు చెప్తాను?"

ఆవిడ నవ్వు దాచుకుని ముందుకు నడిచేవారు. అలా నవ్వు దాచుకున్నారంటే నాకు ఆ రోజంతా బాగుండేది. ఇంటిపని ఎవరిదన్న గొడవ కూడా దానంతటదే పోయింది. బ్రతిమాలినా పొగడరు, అది మాత్రం మారలేదు. ఆవిడ నోటి నుంచి వచ్చే అతి పెద్ద మెచ్చుకోలు "పర్లేదు". దానికోసం మా ఆయన పిల్లాడిలా ఎదురుచూసేవారు.

ఇదిలా ఉండగా మా దగ్గరికి వినికిడి మిషన్ల షాపాయన వచ్చాడు. ఆయన్ని మేం చాటున మైకు అంటాం. రోజంతా చెవులు వినపడని వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతుకి చిన్నగా మాట్లాడటం రాదు. గుట్టుగా ఒక మాట చెప్తానని దగ్గరికి జరిగి, కింద టైర్లు మార్చే కుర్రాళ్ళు కూడా తలెత్తి చూసేలా చెప్తాడు. మనిషి మాత్రం వెన్న. ఆయన షాపుకి ఒక పాత వెబ్‌సైటు ఉండేది. చూడలేక చచ్చేవాళ్ళం. నడిమధ్యన పెద్ద ఆకుపచ్చ డబ్బా, దాని మీద "రోజు, టైము ఎంచుకోండి" అని రాసి ఉండేది. పక్క వీధిలో కొత్తగా పెట్టిన కళ్ళద్దాల షాపు వెబ్‌సైటు సినిమాలా ఉందని, తనకీ అలాంటిదే కావాలని వచ్చాడు.

మా ఆయన అప్పటికే వేరే పెద్ద పనిలో మునిగి ఉన్నారు. "ఇది నేను చేస్తాను," అన్నాను. అప్పటిదాకా ఒక్క పేజీ కూడా నేను ఒక్కదాన్నే గీయలేదు. ఆయన చేసినవాటికి మాటలు రాసేదాన్ని, అంతే. కానీ ట్రెండులన్నీ చదివేది ఆయనొక్కరే కాదుగా.

మనసు పెట్టి చేశాను. ఈ ఏడాది మాటలు తక్కువ, బొమ్మ పెద్దది అన్నారు. సరే, తెర నిండా ఒకే ఒక్క చెవి బొమ్మ పెట్టాను, సన్నని గీతలతో గీసింది. దాని మీద వేలు పెడితే చెరువులో రాయి పడ్డట్టు అలలు వస్తాయి. బటన్లు కనపడకూడదు అన్నారు. సరే, అట్టడుగున సన్నని గీత ఒకటి పెట్టాను. దాన్ని వేలితో పైకి లాగితే క్యాలెండరు లేచి వస్తుంది. రోజు ఎంచుకోవచ్చు, టైము ఎంచుకోవచ్చు. ఎంత బాగా వచ్చిందంటే, కూర మాడిపోతున్నా పట్టించుకోకుండా దాన్నే లాగి చూసుకుంటూ కూర్చున్నాను.

పరీక్ష రోజున నేను బయటికి వెళ్ళి మెట్ల మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన కూడా బయటికి వచ్చారు.

"ఏమైంది?"

"నన్నూ పొమ్మంది. ఈసారి ఒక్కదాన్నే చూస్తానంది."

కొడుకు ముందు తిడితే బాగుండదని పంపేశారేమో అనుకున్నాను. చాలాసేపటికి లోపలినుంచి పిలిచారు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఫోను నా చేతిలో పెట్టి, "చాలా బాగుంది. వెతుక్కోకుండానే దొరికింది," అన్నారు.

పర్లేదు కాదు. చాలా బాగుంది. మా ఆయన మొహంలో అసూయ కొట్టొచ్చినట్టు కనపడింది. నేను ఆ పూట నేల మీద నడవలేదు.

కొత్త పేజీ పెట్టాక కొన్నాళ్ళకు మైకు వచ్చాడు. మెట్లెక్కుతూ ఉండగానే టైర్ల దుకాణం వాళ్ళకి మా సంగతంతా తెలిసిపోయింది.

"అమ్మా, మీ పేజీకి పేరు పెట్టడానికి లేదు. నేనే రోజూ చూసుకుని మురిసిపోతున్నా. కానీ అపాయింట్‌మెంట్లు రావట్లేదు."

"అసలు రావట్లేదా?"

"కుర్రాళ్ళవి ఒకటో రెండో వస్తున్నాయి. నా దగ్గరికొచ్చేది కుర్రాళ్ళు కాదుగా. పోనీ వాళ్ళు ఫోన్ చేస్తారా అంటే, ఫోన్లో వినపడకే కదమ్మా నా దగ్గరికి వచ్చేది. పాత సైటులో ఇంటి దగ్గరే టైము పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడందరూ ఒక్కసారే వచ్చి పడుతున్నారు. కుర్చీలు చాలట్లేదు. పెద్దవాళ్ళు నిలబడలేక తిరిగి వెళ్ళిపోతున్నారు. నాకు చాలా కష్టంగా ఉంది."

ఇలా లాగితే వస్తుందని వాళ్ళకి చెప్పండంటూ, ఫోన్లో అడుగున గీత పైకి లాగి ఆయనకి చూపించాను.

"ఈ వారం చూస్తానమ్మా. కాకపోతే ఆ ఆకుపచ్చ డబ్బానే మళ్ళీ పెట్టించుకుంటా. ఏమీ అనుకోకండి," అన్నాడు, పాపం, తనకి చేతనైనంత మెల్లగా. మా అత్తగారు కుర్చీలోంచి లేచి టీ పెట్టడానికి వెళ్ళారు. టీ అప్పటికే అందరి ముందూ ఉంది.

జనం వేళ్ళు పేజీ మీద ఎక్కడ పడుతున్నాయో చూపించే రిపోర్టు ఒకటి ఉంటుంది. ఎక్కువ నొక్కినచోట ఎర్రబడుతుంది. తీసి చూస్తే నా చెవి బొమ్మ నిప్పుకణికలా ఉంది. అడుగున గీత దగ్గర మచ్చైనా లేదు. పాపం ఆ పెద్దవాళ్ళు చెవిని నొక్కారు, అలలు వచ్చాయి, అలల తర్వాత ఇంకేదో వస్తుందని చూశారు, రాలేదు, మళ్ళీ నొక్కారు. అలా నొక్కి నొక్కి ఫోను పక్కన పెట్టి షాపుకి బయల్దేరారు. నాకు ఏడుపొచ్చింది.

"మరి అమ్మ పాస్ చేసింది కదా?" అన్నారు మా ఆయన.

"అదే కదా నాకూ అర్థం కానిది."

అర్థమైంది మర్నాడు సాయంత్రం. అర్థమైందనుకున్నాను. నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. ముందు గదిలో మా అత్తగారు వాళ్ళ చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆ చెల్లెలికి ఫోన్లో బస్సు టికెట్టు తీసుకోవడం రావట్లేదట.

"పైన మూడు గీతలుంటాయి చూడు. ఏదైనా అక్కడే దాస్తారు. కనపడలేదా? అయితే కింద చూడు, ఈమధ్య కింద కూడా దాస్తున్నారు. వేలు పెట్టి పైకి లాగు. ఆ, వచ్చిందా? ఆ కుకీల గోల వస్తే వద్దు అని నొక్కి పడెయ్."

తుడుస్తున్న గిన్నె చేతిలోనే ఉండిపోయింది. గీతల మీద ఎవరైనా నొక్కుతారా అని అడిగిన మనిషేనా ఈవిడ. ఏళ్ళ తరబడి మా పేజీలు చూసీ చూసీ, మేం ఏది ఎక్కడ దాస్తామో ఈవిడకి కంఠతా వచ్చేసింది. మేం ఏమీ తెలియని కళ్ళ కోసం ఆవిడను కూర్చోబెట్టుకుంటే, మాకు తెలియకుండానే ఆవిడకి అన్నీ నేర్పేశాం. ఇక ఆవిడ ఏ పేజీ పాస్ చేసినా దాని వల్ల మాకు తెలిసేదేమీ లేదు.

మా ఆయన్ని బాల్కనీలోకి లాక్కెళ్ళాను.

"మీ అమ్మగారు చెడిపోయారు."

"ఏం మాటలవి?"

"మనలా అయిపోయారు. అన్నీ వచ్చేశాయి ఆవిడకి. ఇక పరీక్షలకి పనికిరారు."

"నువ్వు చెప్పు," అన్నారాయన. "నేను చెప్తే కన్నకొడుకే తీసేశాడనుకుంటుంది."

"నేను చెప్తే కోడలు తీసేసిందనుకుంటారు. అదింకా బాగుంటుందా?"

నిజం చెప్పాలంటే నా భయం మైకు గురించి కాదు. ఆయన పోతే ఇంకొకరు వస్తారు. ఆ కుర్చీ పోతే మేమిద్దరం మళ్ళీ ఏమైపోతామన్నదే నా భయం. ఆవిడ ఇంట్లో, నేను ఆఫీసులో. సాయంత్రం కలిసి నడిచే దారి ఉండదు. రేపో ఎల్లుండో మళ్ళీ "నీ భార్యకు చెప్పరా" అంటారు. ఒకప్పుడైతే ఆ మాటకి నాలుగు వడ్డించేదాన్ని. ఇప్పుడు వింటే తట్టుకోలేననిపించింది. మా అత్తగారంటే నాకు ప్రాణమని ఆ బాల్కనీలో నిలబడ్డప్పుడే నాకు తెలిసింది. తెలిసేందుకు అంతకన్నా మంచి సమయం దొరకలేదు కాబోలు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన బయటికి వెళ్ళారు, కావాలనే. నేను కుర్చీ పక్కన స్టూలు వేసుకున్నాను.

"అత్తయ్యా, రోజూ ఇంత దూరం నడుస్తున్నారు, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

"కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుంటే..."

"డొంకతిరుగుడు వద్దు. ఏమిటో చెప్పు."

చెప్పేశాను. చెల్లెలితో మాట్లాడింది విన్నానని, ఆవిడకి ఇప్పుడు అన్నీ తెలుసని, అందుకే చెవి పేజీ ఆవిడకి ఇట్టే తెలిసిపోయిందని, బయటివాళ్ళకి తెలియలేదని. తప్పు ఆవిడది కాదని రెండుసార్లు చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నాకు ఇట్టే తెలిసిందని ఎవరు చెప్పారు?"

"మీరే కదా, వెతుక్కోకుండానే దొరికిందన్నారు."

"దొరకలేదు."

"అంటే?"

"దొరకలేదంటే దొరకలేదు. చెవి నొక్కాను. నీళ్ళు కదిలినట్టు కదిలింది. మళ్ళీ నొక్కాను. వేలు నొప్పెట్టేదాకా నొక్కాను. అడుగున ఏదో గీత కనపడింది గానీ, వాడు ఫోను ఎక్కడో పడేసుకుని అద్దం గీసుకుపోయిందనుకున్నాను."

"మరి మీ చెల్లెలికి పైకి లాగమని చెప్పారుగా?"

"నువ్వు ఆ షాపాయనకి లాగి చూపించావు చూడు, అప్పుడు చూసి నేర్చుకున్నాను."

"మరెందుకు చాలా బాగుందన్నారత్తయ్యా?"

ఆవిడ కిటికీవైపు తిరిగారు. "మెట్ల వైపు తలుపు అద్దంలోంచి నువ్వు కనపడ్డావు. మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నావు. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల కుట్లు విప్పించానో. ఒక్కదాని మొహం కూడా చూడలేదు. చూస్తే నోరు రాదని తెలిసే బయటికి పంపేదాన్ని. ఆ రోజు చూసేశాను. వాణ్ణి కూడా అందుకే పంపేశాను. అంతే."

ఏ కోడలికైనా ఆ మాటకి మనసు కరగాలి. నాకు కరిగింది కూడా. కానీ దానికన్నా ముందు కోపం వచ్చింది.

"డబ్బా మూతకి వంక పెడతారు. నేను తువ్వాలు ఆరేసిన తీరుకి వంక పెడతారు. వంక లేకపోతే డొంక పట్టుకుని అయినా పెడతారు. పెట్టాల్సిన ఒక్క చోటా నోరు మూసుకుంటారా? మీరు అత్తగారు కదా, మీ పనేదో మీరు చెయ్యొద్దా?" అరుస్తున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"అందుకే చెప్తున్నాను, ఇక నేను పనికిరాను," అన్నారావిడ శాంతంగా. "నీ పనిలో తప్పు కనపడినా చెప్పడానికి నోరు రావడం లేదు. కాకి పిల్ల కాకికి ముద్దు."

"నేను కాకి పిల్లనా?"

"అరుపు అలాగే ఉంది మరి."

నేను ముక్కు తుడుచుకున్నాను. ఆవిడ లేచి చెప్పులు వేసుకున్నారు.

"సొంతవాళ్ళకి చూపించుకుని లాభం లేదు, పద. ఆయన షాపులో బోలెడుమంది ఖాళీగా కూర్చుని ఉంటారుగా. వాళ్ళకి నువ్వెవరో తెలీదు. నేను పక్కన కూర్చుని నోరు మూసుకుంటాను, నువ్వు రాసుకో."

మైకు షాపు గోడలకి చప్పుడు పీల్చుకునే మెత్తని పలకలు అతికించి ఉన్నాయి. లాభమేమీ లేదు. లోపల అందరూ ఒకరికొకరు వినపడాలని గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు. గోడ వారగా ఉన్న కుర్చీలన్నీ నిండి, ఇద్దరు ముగ్గురు నిలబడి కూడా ఉన్నారు. నా వల్లే నిలబడ్డారని తలుచుకుంటే తల ఎత్తలేకపోయాను. మైకు మాకోసం ఒక కుర్చీ ఖాళీ చేయించాడు. మా అత్తగారు కూర్చున్నారు. నేను బ్యాటరీలు పెట్టిన అల్మారా వెనక నిలబడ్డాను, చేసిన మనిషి మొహం కనపడకూడదు కాబట్టి.

ఆవిడ ఒక్కొక్కరి చేతికీ ఫోను ఇచ్చి, "ఇందులో టైము తీసుకోండి," అని చెప్పి, ఇక పెదవి విప్పలేదు. పక్కవాళ్ళు తడబడుతుంటే ఆవిడ వేళ్ళు ఒడిలో గింజుకోవడం నాకు కనపడుతూనే ఉంది. అందరూ చెవినే నొక్కారు. ఒకావిడ ఫోనును తన చెవి దగ్గర పెట్టుకుని వినడానికి ప్రయత్నించింది. ఒక పెద్దాయన అలలు చూసి ముచ్చటపడి, వచ్చిన పని మరిచిపోయి ఆడుకుంటూ కూర్చున్నాడు. చూస్తుంటే చేయాల్సిందేమిటో తేలిపోయింది. చెవిని నొక్కితేనే క్యాలెండరు రావాలి. చెవి మీద పెద్ద అక్షరాలతో "రోజు, టైము ఎంచుకోండి" అని ఉండాలి. ట్రెండు ఏమనుకున్నా సరే. మైకుతో చెప్తే, "ఆ ఒక్క ముక్క రాస్తే చాలమ్మా, ఆ అలలు మాత్రం తీసేయకండి," అన్నాడు.

ఆఖరున ఒకాయన మిగిలాడు. రిటైరైన బస్సు డ్రైవరట. తన మిషను బాగుచేయడానికి లోపల ఇచ్చి, ఏమీ వినపడకుండా కూర్చుని ఉన్నాడు. ఫోను తీసుకుని చెవి బొమ్మను పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. ఆయన సహనం హారను కొట్టే రకంలా ఉంది.

"ఎవరమ్మా దీన్ని తయారుచేసింది? మనిషన్నవాడు ఒక్క మాటైనా రాయొద్దా?"

మా అత్తగారు మెల్లగా ఏదో అన్నారు.

"ఎవరూ?"

"మా కోడలు."

"వినపడట్లేదు. ఎవరూ?"

"మా కోడలండీ," అన్నారావిడ, ఈసారి తరగతిలో ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో. "మొదటిసారి ఒక్కతే చేసింది. తప్పులుంటాయి. సరిచేస్తుంది."

డ్రైవరుకి ఆవిడ పెదవులు చూసి సగం అర్థమైనట్టుంది.

"కోడలా? మంచిదేనా?"

"నోరు ఎక్కువ," అన్నారు మా అత్తగారు. ఆయన చేయి చెవి వెనక పెట్టుకుని ముందుకి వంగాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుని, ఒక్కొక్క మాటా విడదీసి, షాపంతా దద్దరిల్లేలా చెప్పారు. "నోరు ఎక్కువ. మనిషి బంగారం. నేను కన్న కూతురైనా ఇలా ఉండేది కాదు."

ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారీ అనని మాట అది. ఎదురుగా ఉన్న మనిషికి వినపడదని అంత గట్టిగా చెప్పాల్సి వచ్చింది గానీ, లేకపోతే నాకెన్నటికీ తెలిసేది కాదు. కుర్చీల్లో వాళ్ళంతా తలలు తిప్పి, ఆ కోడలు ఎవరా అని వెతుకుతున్నారు. నేను బ్యాటరీల అల్మారా వెనక నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను.